ఖాళీ ఫైలుకు కాలం చెల్లిన సోమవారం

ముందు నా ఫిర్యాదు చెబుతాను. పదకొండేళ్లుగా నేను నమ్ముకున్న ఒక పద్ధతిని ఎక్కడో ఎవరో తీసేశారు. నాకు చెప్పలేదు. చెప్పామని వాళ్లంటారు. ఎవరిది నిజమో చివరికి తేలింది. తేలిన రోజు నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. రెండింట్లో సంతోషమే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

నేను జనగామలో ఉంటాను. నా పని కంప్యూటర్లు చూసుకోవడం. ఒక సేవాసంస్థ పట్నంలో పక్కన పడేసిన పాత కంప్యూటర్లను తెచ్చి, వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని చిన్న దవాఖానలకు, హాస్టళ్లకు, గ్రంథాలయాలకు ఇస్తుంది. అవి మొరాయిస్తే బస్సెక్కి వెళ్లేది నేను. ఆ ఊళ్లలో నాకు పేరు లేదు. అందరికీ నేను 'మిషన్ అన్న'నే.

మా వైపు కరెంటు చెప్పి పోదు. మిషన్ ఏదో రాసుకుంటూ ఉండగానే పోతుంది. డిస్కు అంటే ఆఫీసు బీరువా లాంటిది అనుకోండి. లోపల కాగితాలుంటాయి. ఏ కాగితం ఏ అరలో ఉందో తలుపుకు అంటించిన జాబితాలో ఉంటుంది. కరెంటు మధ్యలో పోతే కాగితం లోపలే ఉంటుంది కానీ జాబితాలో దాని పేరుండదు. లేదా పేరుంటుంది, కాగితం ఉండదు. అప్పుడప్పుడు బీరువా మొత్తం దించి, జాబితాతో సరిచూసి, మళ్లీ సర్దాలి. ఆ పని మిషన్ తనంతట తాను చేయగలదు, మొదలయ్యేటప్పుడు మాత్రమే. కానీ తనకేదో జబ్బు చేసిందని అనుమానం వస్తేనే చేస్తుంది. చాలాసార్లు దానికి అనుమానం రాదు. లోపల పుండు పెట్టుకుని పైకి నవ్వుతూ తిరిగే మనిషిలా ఉంటుంది.

అనుమానం ఉన్నా లేకున్నా సరిచూసుకొమ్మని బలవంతపెట్టడానికి పాతకాలం నుంచి ఒక ఉపాయం ఉండేది. డిస్కులో అన్నిటికన్నా పైమెట్టు మీద, ఫలానా పేరుతో ఒక ఖాళీ ఫైలు పెట్టాలి. అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు. మిషన్ మళ్లీ మొదలైనప్పుడు ఆ ఫైలును చూస్తుంది, సంగతి అర్థం చేసుకుంటుంది, బీరువా మొత్తం దించి సర్దుతుంది, ఆ ఖాళీ ఫైలును తీసిపారేస్తుంది. అంతే! నోరు తెరవకుండా పని చెప్పడం. నాకు ఈ ఉపాయం మీద ఎంత ప్రేమ అంటే, ప్రతి మిషన్ తెర మీదా ఒక ఎర్ర బొత్తాం తయారుచేసి పెట్టాను. నొక్కితే ఖాళీ ఫైలు తయారవుతుంది, మిషన్ ఆరిపోతుంది. పక్కన గోడకు కాగితం అంటించాను:

'శనివారం ఇంటికి పోయే ముంగట ఎర్ర బొత్తాం ఒత్తాలె. సోమవారం మిషన్ జర లేటుగ లేస్తది. పరేషాన్ కావొద్దు.'

మా మాటలోనే రాశాను, కావాలనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాదులో మాకు ఐదు రోజుల శిక్షణ ఇచ్చారు. రెండో రోజు నేను లేచి "సార్, గిది ఎట్ల సెట్ చేయాలె?" అని అడిగాను. చెప్పేవాడు ఆకుపచ్చ గీతల చొక్కా వేసుకున్నాడు. "గిది ఎట్ల" అని నా గొంతుతో అని, "ఆ కమాండ్ మా పుస్తకంలో లేదండీ" అన్నాడు. గది గదంతా నవ్వింది. కిటికీ పక్కన ఇద్దరు బల్ల కొట్టి మరీ నవ్వారు. నా ప్రశ్నకు ఈనాటికీ జవాబు రాలేదు. అప్పటినుంచి మూడు జిల్లాల్లో నేను అంటించిన ప్రతి కాగితం మీదా గిది, గట్ల, ఎట్ల ఉండి తీరుతాయి.

ఇంకొక పనీ చేశాను. అది నేను చేసిన తప్పని అప్పుడు నాకు తెలియదు. ఈ మిషన్లు మొదలయ్యేటప్పుడు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు ఇంగ్లిషులో బిలబిలమంటూ పరిగెడతాయి. అవి మిషన్ తనలో తాను చెప్పుకునే మాటలు. కానీ చూసినవాళ్లకు గుండె గుభేలుమనేది. "అన్నా, మిషన్ల ఏందో ఉరుకుతున్నది, ఖరాబైనట్టున్నది, జల్ది రా" అని ఫోన్లు. ఒక హాస్టల్ నుంచైతే వారంలో ఆరుసార్లు. విసుగెత్తి ఆ అక్షరాలకు అడ్డంగా ఒక బొమ్మ పెట్టాను. కొమ్మ మీద పాలపిట్ట. దసరా నాడు పాలపిట్టను చూడడానికి మావాళ్లు జమ్మిచెట్టు దాకా వెళ్లి ఆకాశం వెతుకుతారు. ఇక రోజూ పొద్దున్నే కనిపిస్తే ఎవరు కాదంటారు? ఫోన్లు ఆగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోయిన చలికాలం చివర లినక్స్ కొత్త రూపం వచ్చింది. మూడు జిల్లాలూ తిరిగి అన్ని మిషన్లలో అదే వేశాను, కాటారం హాస్టల్‌లో తప్ప. అక్కడి మిషన్ మరీ ముసలిది, దాన్ని కదిలించలేదు.

ఇప్పుడు కొత్తగూడ నర్సక్క గురించి చెప్పాలి. అడవి అంచున, సేవాసంస్థ నడిపే రెండు గదుల దవాఖాన ఆమెది. యాభై దాటింది. ఆదివారం చర్చికి, మిగిలిన ఆరు రోజులు గూడేలకు, తండాలకు. లంబాడీ మాట ఆమెకు బాగా వచ్చు. నన్ను తమ్మీ అంటుంది. శనివారం ఎర్ర బొత్తాం నొక్కడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఒక్క వారం తప్పలేదు. సోమవారం పొద్దున మిషన్ ఆన్ చేసి, అది బీరువా దించుకుంటూ ఉండగా పొయ్యి మీద చాయ్ పెట్టుకుని, తీరిగ్గా తాగి వచ్చి కూర్చునేది.

కొత్త రూపం వేసిన తర్వాత ఒకసారి ఫోన్లో అన్నది, "తమ్మీ, సోమవారం నన్ను చాయ్ తాగనిస్తలేదు నీ మిషన్. ఒత్తంగనే లేస్తున్నది."

"కొత్తది గదక్కా, ఉరుకుతది" అన్నాను. నవ్వాను కూడా.

వానాకాలంలో ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఫోను వచ్చింది.

"తమ్మీ, గుట్టెక్కి మాట్లాడుతున్న. నా పట్టీ కనవడ్తలేదు."

దవాఖాన దగ్గర సిగ్నల్ ఉండదు. ఆమె గుట్ట ఎక్కిందంటే చిన్న సంగతి కాదు.

"ఏ పట్టీ అక్కా?"

"ఎన్ని పట్టీలున్నయ్ నాకు? కడుపుతోనున్నోళ్ల పట్టీ. సంచి మొత్తం ఖాళీగున్నది."

ఫోల్డర్‌ను సంచి అని చెప్పింది నేనే.

"మంచిగ చూసినవా?"

"అద్దాలు పెట్టుకొని చూసిన, తీసి చూసిన. బుధవారం జీపు పోవాలె తమ్మీ. ఎవలింటి ముంగట ఆపాలె?"

ఆ జీపు సంగతి నాకు తెలుసు. ప్రతి వానాకాలం రెండు మూడు పెద్ద వానలు పడితే వాగు లేస్తుంది, అవతలి నాలుగు తండాలకు దారి తెగిపోతుంది. అది లేవకముందే, నెలలు నిండుతున్న ఆడవాళ్లను జీపులో ఇవతలికి తెచ్చి చుట్టాల ఇళ్లలోనో దవాఖాన వరండాలోనో ఉంచుతారు. ఎవరికి ఎన్నో నెల, ఎవరికి బీపీ ఉంది, ఎవరి ఇల్లు ఎక్కడ, అన్నీ ఆ పట్టీలోనే. నా దగ్గర దాని నకలు ఉంది కానీ అది చలికాలంలో తీసుకున్నది. మిరప ఏరడానికి వలస వెళ్లినవాళ్లు ఎండాకాలంలో తిరిగొచ్చాకే ఆమె దగ్గర పేరు రాయించుకున్నారు. వాళ్లెవరూ నా నకలులో లేరు.

కాగితం పట్టీ ఎందుకు లేదంటే, నా వల్లే లేదు. "రెండూ ఉండనియ్ తమ్మీ, కాయితమూ ఉండనియ్" అని ఆమె అంటే, "రెండు పడవల మీద కాళ్లెందుకక్కా? కాయితం చెదలు తింటది, మిషన్ను తినదు" అన్నది నేను.

తొర్రూరు మీదుగా మహబూబాబాద్, అక్కడినుంచి కొత్తగూడ. దవాఖాన చేరేసరికి మధ్యాహ్నం. ఆకాశం బొగ్గులా ఉంది. వరండాలో జీపు డ్రైవరు బీడీ తాగుతున్నాడు. నర్సక్క కుర్చీ జరిపింది.

సంచి నిజంగానే ఖాళీ. కానీ మిషన్ ఏ తప్పూ చూపించడం లేదు. తనకేమీ కాలేదనే అనుకుంటోంది. అయినా నేను భయపడలేదు. కాగితం లోపలే ఉంటుంది, జాబితాలో పేరు చెరిగి ఉంటుంది, బీరువా దించి సర్దితే బయటపడుతుంది. ఎర్ర బొత్తాం నొక్కి మిషన్ ఆర్పాను, మళ్లీ ఆన్ చేశాను. పాలపిట్ట కనిపించింది. పది లెక్కపెట్టేలోపే మిషన్ లేచి కూర్చుంది.

అంత తొందరగా లేవకూడదు!

పైమెట్టు మీదికి వెళ్లి చూశాను. ఖాళీ ఫైలు అక్కడే ఉంది. మిషన్ దాన్ని చూడలేదు, తీయలేదు. దినం నాడు పిండం పెట్టి అందరూ దూరంగా నిలబడి చూస్తుంటే, కాకి గోడ మీదే కూర్చుని ఇటు తిరగకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. అలా ఉంది నాకు. చలికాలం నుంచి ప్రతి శనివారం ఆమె పెట్టింది. ఏ సోమవారమూ కాకి ముట్టలేదు.

"అక్కా, ఇది చెక్ చేస్తలేదు. కొత్తది వేసినప్పటిసంది చేస్తలేదు."

"నేను చెప్పలేదా?" అన్నది. గొంతు పెంచలేదు. "చాయ్ తాగనిస్తలేదని చెప్పిన. నువ్వు నవ్వినవ్. నాకు యాదున్నది."

ఎదుటివాళ్లు చేసిన అవమానాలన్నీ తేదీలతో సహా గుర్తుంచుకునే నాకు, నేను చేసినది గుర్తుంచుకున్న మనిషి ఎదురైంది.

వరండాలోంచి డ్రైవరు, "ఏమాయెనే అన్నా? డాక్టరొచ్చిండు గని రోగమేందో దొరకనట్టున్నది!" అన్నాడు.

ఇది కూడా గుర్తుంచుకున్నాను.

నడుస్తున్న మిషన్ తన డిస్కును తానే సరిచూసుకోలేదు. నులక మంచం మీద పడుకుని ఆ మంచానికే నులక బిగించలేం. పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడదామంటే ఈ పాత మిషన్‌కు ఆ సౌకర్యం పోయి చాలాకాలమైంది. మొదలయ్యేటప్పుడే దాన్ని పట్టుకోవాలి. ఎలా పట్టుకోవాలో నాకు తెలిసిన దారి ఒక్కటే, అది మూసుకుపోయింది. కొత్త దారి ఉండి తీరాలి.

ఏ మరమ్మతుకైనా ముందు నకలు. వెంట తెచ్చిన ఇంకో డిస్కు తగిలించి, ఉన్నది ఉన్నట్టు మొత్తం కాపీ పెట్టాను. గంటకు పైగా పడుతుంది. "ఎవలూ స్విచ్ ముట్టొద్దు" అని డ్రైవరుకు వినపడేలా చెప్పి గుట్ట ఎక్కాను.

పైన బండ మీద రెండు గీతల సిగ్నల్. ఫోన్లో కొంచెం వెతికితే సంగతి తెలిసింది. ఖాళీ ఫైలు పద్ధతి పాతదైపోయిందని, కొత్త రూపం నుంచి దాన్ని పూర్తిగా తీసేశామని రాసి ఉంది. చదవగానే ఒళ్లు మండింది. పట్టీ సంగతి ఒక్క నిమిషం మరచిపోయాను, ఒప్పుకుంటాను. ఈ లినక్స్ తయారుచేసేవాళ్లు ఫిర్యాదులు తీసుకునే చోటు ఒకటుంది. అక్కడ నాకొచ్చిన ఇంగ్లిషులో గబగబా రాశాను: 'మీరు ఒక్క మాటైనా చెప్పకుండా ఈ పద్ధతి తీసేశారు. మూడు జిల్లాల్లో మావాళ్లు ప్రతి శనివారం బొత్తాం నొక్కుతున్నారు. మీ మిషన్ గుడ్డిదానిలా పక్కనుంచి వెళ్లిపోతోంది. ఇక్కడ ఒక దవాఖానలో గర్భిణుల పట్టీ పోయింది. దీనికి మీ సమాధానం ఏమిటి?'

ఇరవై నిమిషాల్లో జవాబు వచ్చింది! ఏ దేశంలో ఉన్నాడో, అక్కడ పొద్దో మాపో తెలియదు. నాలుగు వాక్యాలు. 'చెప్పకుండా తీసేయలేదు. ఈ పద్ధతి పోతుందన్న హెచ్చరిక ఎన్నో ఏళ్లుగా, ఖాళీ ఫైలు కనిపించిన ప్రతిసారీ తెర మీద వస్తూనే ఉంది. బహుశా మీరు చూడలేదేమో. మిషన్ మొదలయ్యేటప్పుడు చదువుకునే ఆదేశాల వరుసలో ఈ రెండు మాటలు చేర్చండి.' కింద ఆ రెండు మాటలు. ఒకటి, అనుమానం లేకున్నా సరిచూడమని. రెండోది, తప్పు దొరికితే అడగకుండా బాగుచేయమని.

బహుశా మీరు చూడలేదేమో! పదకొండేళ్లు ఈ మిషన్ల ముందు కూర్చున్నవాణ్ణి పట్టుకుని! ఆకుపచ్చ గీతల చొక్కా కళ్ల ముందుకొచ్చింది. బండ మీద నిలబడి వాడికి ఇవ్వాల్సిన జవాబు మొత్తం మనసులో రాసుకున్నాను, అచ్చయితే రెండు పేజీలు వచ్చేది. అప్పుడు కిందికి చూశాను. వాగు ఎర్రమట్టి రంగుకు తిరిగింది. దవాఖాన వాకిట్లో ఆ జీపు, బొమ్మంత. వరండాలో నర్సక్క గుట్ట వైపే చూస్తూ నిలబడి ఉంది. నా మీద చినుకులు మొదలయ్యాయి.

నన్ను అవమానించినవాడి చేతి మందే మింగాలి. కాగితం తడుస్తుందని ఆ రెండు మాటలు అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను. పిడికిలి బిగించి గుట్ట దిగాను. దిగడం కాదు, జారాను.

నకలు పూర్తయి ఉంది. మిషన్ ఆర్పి మళ్లీ వేసి, అది మొదలయ్యే వరుస దగ్గర ఆపాను. పాలపిట్టను తీసేశాను, ఏం జరుగుతుందో నా కళ్లతో చూడాలి కాబట్టి. చెయ్యి విప్పి రెండు మాటలూ అక్షరం అక్షరం కొట్టాను. ఎంటర్.

నల్ల తెర. తెల్ల అక్షరాలు బిలబిలమన్నాయి.

"అవ్వో! గిన్ని అక్షరాలున్నయా దీని లోపట?" అన్నది నర్సక్క. ఇన్నేళ్లలో ఆమె వాటిని చూడడం అదే మొదటిసారి.

అక్షరాలు ఆగాయి. అడుగున ఒక వరుస వచ్చింది. నూటికి రెండు. నూటికి నాలుగు. మిషన్ బీరువా దించుతోంది! చలికాలం తర్వాత మొదటిసారి దించుతోంది! నేను కుర్చీలోంచి లేచిపోయాను. డ్రైవరు బీడీ పారేసి లోపలికొచ్చాడు.

"ఎంతాయె?"

"ఇరవై ఒకటి."

"టార్గెట్ ఎంత?"

"నూరు."

"ఇంకా పవర్‌ప్లేలనే ఉన్నడు" అన్నాడు డ్రైవరు.

ముప్పై ఎనిమిది దగ్గర కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. బల్ల కింద యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ మార్చమని రెండుసార్లు ఉత్తరం రాశాను, ఎవరూ మార్చలేదు, ఆ రెండు ఉత్తరాల నకళ్లు నా దగ్గరున్నాయి. పది నిమిషాలు నిలుస్తుందేమో. సర్దడం సగంలో ఆగితే అసలుకే మోసం. నకలు ఉంది, నిజమే. కానీ నకలును బాగుచేయడం నా ల్యాప్‌టాప్ వల్ల కాదు, జనగామ దాకా పోయి రావాలి, ఈలోపు వాగు లేవొచ్చు.

నలభై ఐదు. యాభై రెండు. యాభై రెండు. యాభై రెండు.

"ఎందుకాగింది తమ్మీ?"

"ఆగలే అక్కా. ఏదో దొరికింది దానికి."

తెల్ల అక్షరాలు మళ్లీ కదిలాయి. ఒక వరుస, ఇంకో వరుస, పేరులేని ఫైళ్లు కనబడ్డాయని చెబుతున్నాయి. ఒకటి, రెండు, పది! కలుపుతున్నాను, కలుపుతున్నాను అంటోంది మిషన్. నర్సక్క చెయ్యి నా భుజం మీద పడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. డ్రైవరు మాత్రం అరుస్తున్నాడు, "అరవై తొమ్మిది! డెబ్బై ఆరు! కొట్టు, కొట్టు!" యూపీఎస్ అరుపు మధ్య విరామం తగ్గుతోంది. ఎనభై ఎనిమిది. తొంభై నాలుగు.

నూరు. "సెంచరీ!" అని డ్రైవరు గంతేశాడు.

మిషన్ లేచింది. నేను సంచి తెరిచాను. ఖాళీ.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. బీరువా సర్దేటప్పుడు పేరు దొరకని కాగితాలను మిషన్ వేరే చోట పడేస్తుంది. దారితప్పినవాటి సంచి అనుకోండి. అందులోకి వెళ్లాను. పేర్లు లేవు. అంకెలు మాత్రమే ఉన్నాయి, వరుసగా. మొదటిది తెరిచాను, ఎవరో బిడ్డ ఫొటో. రెండోది, మందుల జాబితా. మూడోది తెరవగానే నర్సక్క నా భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచింది.

"గిదే! గిదే తమ్మీ! గీ ఎర్ర తలుపు, మేకల దొడ్డి పక్కపొంటి, బీపీ ఉన్నదని రాసిన సూడు! గిదే నా పట్టీ!"

యూపీఎస్ ఇంకా అరుస్తోంది. పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకుని మిషన్‌ను మర్యాదగా ఆర్పేశాను. నా ల్యాప్‌టాప్‌లో పట్టీ తెరిచి ఆమె ముందు పెట్టాను. ఆమె అలమారలోంచి పాత నోటుపుస్తకం తీసి, ఒక్కొక్క పేరూ పెన్నుతో రాసుకోవడం మొదలుపెట్టింది. చెదల మాట నేను ఎత్తలేదు. పేర్లు చదివి వినిపించాను.

గురువారం వాగు లేచింది. ఆ సాయంత్రం గుట్ట మీదినుంచి ఫోను.

"అందర్ని తెచ్చినం తమ్మీ. ఎర్ర తలుపామె తల్లిగారింటికాడ ఉండె, పట్టీల రాసుకోకుంటె ఆమె నాకు యాదికి రాకపోవు. ఇప్పుడు వరండల కూసోని మా డ్రైవరును తిడుతున్నది, జీపు గుంతలల్ల దింపిండని."

"మంచిగ తిట్టుమను అక్కా" అన్నాను.

ఆ సంతోషంలోనూ 'బహుశా' అన్న మాట నన్ను వదల్లేదు. ఎన్నో ఏళ్లుగా తెర మీద వస్తోందట. వస్తే నాకు కనబడదా? రుజువు చేసి వాడి ముఖాన కొట్టాలనుకున్నాను. రుజువు కాటారంలో ఉంది. ఆ ముసలి మిషన్లో ఇంకా పాత రూపమే. ఆదివారం భూపాలపల్లి వెళ్లి కాటారం బస్సెక్కాను.

హాస్టల్‌లో వంట చేసే అవ్వ గది తాళం తీసింది. "ఆదివారం గూడ గీ డబ్బతోనేనా బిడ్డా? ఇంట్ల ఎవలు లేరా?" అన్నది. దీన్ని అవమానంగా తీసుకోవాలా వద్దా అని ఆలోచించి, అవ్వ కాబట్టి వదిలేశాను.

ఖాళీ ఫైలు పెట్టి, మిషన్ ఆర్పి, పాలపిట్టను తీసేసి, మళ్లీ ఆన్ చేశాను. అక్షరాలు చూడలేనంత వేగంగా పోయాయి. ఫోనుతో వీడియో తీసి, ఆపి ఆపి చూశాను. అవ్వ పక్కన నిలబడి చూస్తోంది.

ఉంది.

ఆ వరుస ఉంది. 'దయచేసి ఖాళీ ఫైలు పెట్టకండి, దాని బదులు మొదలయ్యే వరుసలో ఈ మాట చేర్చండి' అని. దయచేసి అని కూడా ఉంది! మళ్లీ ఆర్పి, మళ్లీ వేశాను. మళ్లీ ఉంది. మూడోసారీ ఉంది. ఎన్ని సోమవారాలు, ఎన్ని ఊళ్లలో, ఎన్ని మిషన్లు ఈ మాట చెప్పుకుంటూ పోయాయో! నేను పెట్టిన పిట్ట ముందర కూర్చుని ఉంది. దాని వెనకనుంచి అవి చెబుతూనే ఉన్నాయి.

నవ్వు తన్నుకొచ్చింది. కుర్చీ పట్టుకుని నవ్వాను.

"ఏందిరా, మంచిగనే ఉన్నవా?" అన్నది అవ్వ.

"మంచిగున్న అవ్వా. పంచాయితీల నేనే ఓడిపోయిన."

"ఓడిపోయి నవ్వేటోన్ని నిన్నే చూసిన" అని, తినడానికి అన్నం పెట్టింది.

తిరుగు బస్సులో జవాబు రాశాను: 'మీరు చెప్పిన మాట నిజం. హెచ్చరిక ఉంది. దానికి అడ్డంగా బొమ్మ పెట్టింది నేనే.' అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ నేను అలాంటివాణ్ణి కాదు. ఇంకో ఫిర్యాదు జోడించాను: 'మీరు పద్ధతి తీసేసిన రోజున హెచ్చరికను కూడా తీసేశారు. ఇన్నేళ్లు వినని మొండివాళ్లే కదా చివరికి మిగిలేది? వాళ్లకోసమైనా ఆ మాట ఉంచాల్సింది. ఇక్కడ ఖాళీ ఫైలు పెడితే ఏమీ జరగదు అని ఒక్క వరుస చాలు.' దానికి ఇంతవరకూ జవాబు రాలేదు. ఏ రోజు పంపానో రాసిపెట్టుకున్నాను.

తర్వాతి రెండు నెలలు మూడు జిల్లాలూ తిరిగాను. దంతాలపల్లి గ్రంథాలయంలో మొదలుపెట్టి ఒక్కొక్క గోడ మీది నా పాత కాగితాన్ని గోటితో గీకి తీశాను. కొన్ని గోడకే కరుచుకుపోయి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఎర్ర బొత్తాం ఉంచాను. ఇప్పుడు అది ఖాళీ ఫైలు పెట్టదు, వచ్చే ఒక్కసారికి మాత్రం ఆ రెండు మాటలను మొదలయ్యే వరుసలో చేరుస్తుంది. పిట్టను అన్ని చోట్లా ఎగరగొట్టాను. కొత్త కాగితం మీద రాశాను:

'సోమవారం తెర మీద తెల్లక్షరాలు ఉరుకుతయి. ఉరకనియ్యాలె. మిషన్ ముచ్చట చెప్తున్నది. జర లేటైతది. లేటు కాకుంటె నాకు ఫోన్ చేయాలె.'

ఆ చివరి మాట కోసం నర్సక్కను అడిగాను, ఇంకేమైనా రాయాలా అని. "ఫోన్ చేస్తే నవ్వ అని గూడ రాయి" అన్నది. రాశాను: 'నవ్వ.'

పోయిన సోమవారం పొద్దున మళ్లీ గుట్ట మీదినుంచి ఫోను.

"ఏమైందక్కా?"

"ఏం కాలే. నీ మిషన్ ఇంక అరవై కాడనే ఉన్నది. ఒక చాయ్ తాగిన. ఇంకోటి పొయ్యి మీద పెట్టి వచ్చిన."